తడిపిన గ్లౌజులు

తాతయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపులు లెక్కపెడతాడు. మంచినీళ్ళిస్తే అందుకోడు, కుర్చీ చూపిస్తే కూర్చోడు. గుమ్మంలో నిలబడి ఎడంపక్క ఎన్ని గదులు, కుడిపక్క ఎన్ని, కిటికీలకు ఊచలున్నాయా, వచ్చిన మెట్లు ఎన్ని మలుపులు తిరిగాయి, అన్నీ కళ్ళతోనే కొలుచుకుని, ఆ తర్వాత తలుపు పక్కనున్న కుర్చీ ఏరుకుంటాడు. ఆ కుర్చీలో అప్పటికే ఎవరన్నా ఉంటే వాళ్ళు లేచేదాకా నిలబడే మాట్లాడతాడు. ఒకసారి సినిమా హాల్లో దీపాలు ఆర్పాక, తన సీటు నుంచి తలుపు దాకా ఎన్ని వరసలో తడుముతూ లెక్కపెట్టబోయి ముందు సీటు ఆవిడ జడ మీద చెయ్యి వేశాడు. అరవై దాటిన మనిషి కాబట్టి తిట్లతో సరిపోయింది.

ముప్పైనాలుగేళ్ళు ఫైర్ స్టేషన్లో పనిచేస్తే మనిషి ఇలాగే తయారవుతాడు. అక్కడ ఆయన పేరు చెవన్న. ఎడమ చెవి చూస్తే ఆ పేరెందుకో అడగక్కర్లేదు. నలిపి పారేసిన కాగితాన్ని మళ్ళీ విప్పి అతికించినట్టు ఉంటుంది. ఇప్పటి కుర్రాళ్ళకు తల నుంచి మెడ దాకా కప్పే ముసుగులున్నాయి గానీ ఆయన రోజుల్లో హెల్మెట్టూ దేవుడూ తప్ప ఇంకేమీ లేవు. పొగలో కళ్ళు పనిచెయ్యవు. అందుకని హెల్మెట్ పట్టీని ఒకవైపు మడిచి ఒక చెవిని బయటపెట్టుకుని పాకేవారు. చెవి చురుక్కుమంటే వంగాలి. మండితే పొట్ట నేలకు ఆనించాలి. అసలు చెవి ఉందో లేదో తెలియడం మానేస్తే వెనక్కి తిరగాలి. మంటలోకి మొదట వెళ్ళేవాడి చెవి మాటే మిగతావాళ్ళకు ఆజ్ఞ.

"నీ చెవి ఇంతమందిని కాపాడిందంటావు, మరి నాయనమ్మ పిలిస్తే ఎప్పుడూ పలకలేదేం?" అని మనవరాలు అడిగేది.

"అది కుడి చెవి పనే" అనేవాడు.

మనవరాలంటే ఆయన కొడుకు కూతురు. పదో తరగతిలో రెండేళ్ళు కాపురముండి, చివరికి ఆ తరగతికే విసుగెత్తి బయటికి సాగనంపిన పిల్ల. ఇప్పుడు బట్టలు కుట్టే చోట పని. బుధవారం మధ్యాహ్నం సెలవు కాబట్టి వారం వారం ఆ పూట వచ్చి తాతయ్య ఇల్లు ఊడ్చి, ఆయన్ని నాలుగు మాటలని, టీ తాగి వెళ్ళేది.

ఆ ఒక్క పూట తప్ప ఆ ఇంటికి మనిషి వచ్చేవాడు కాదు. మొదటి అంతస్తులో రెండు గదులు, చిన్న వంటగది. నాయనమ్మ పోయి ఆరేళ్ళు. గది నుంచి గదికి వెళ్ళినా వెనకాల తలుపు మూస్తాడు. మూసిన తలుపు మంటను పది నిమిషాలు ఆపుతుందనీ, ఆ పది నిమిషాల్లో ఒక మనిషి బతకొచ్చనీ ఆయన లెక్క. కింది వాటావాళ్ళకు ఆ లెక్క తెలియదు. ఎప్పుడు చూసినా తలుపు మూసే ఉంటుంది కాబట్టి, ఈయనకు మనుషులంటే గిట్టదని అనుకుని వాళ్ళు తట్టడం మానేశారు. వాళ్ళు తట్టడం లేదు గనక ఈయన తీయడం మానేశాడు. రేడియో ఒక్కటే రోజంతా మాట్లాడేది. వార్తలు చదివేవాడు "నమస్కారం" అంటే ఈయన తల ఊపడం మనవరాలు ఒకసారి చూసింది. దాని మీద మాత్రం ఎందుకో ఏమీ అనలేకపోయింది.

ఒక బుధవారం పాలు పొంగుతున్నాయి. మనవరాలు గట్టు మీదున్న గుడ్డ చేతికందితే దాంతోనే గిన్నె పట్టుకుంది. అప్పుడే గట్టు తుడిచిన గుడ్డ, నీళ్ళు కారుతోంది.

"అబ్బా!"

గిన్నె కిందపడింది. పాలు గుమ్మం దాకా పారాయి. తాతయ్య ఆ వయసులో అంత వేగంగా ఎలా వచ్చాడో ఏమో, ఆమె చెయ్యి పట్టుకుని పంపు కింద పెట్టేశాడు.

"తియ్యకు. అలాగే ఉంచు."

"చాల్లే తాతా, చల్లబడింది."

"పైన చల్లబడింది. లోపల ఇంకా ఉడుకుతోంది. ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలా! నేనేమన్నా తగలబడ్డ గోడౌన్ననుకున్నావా?"

"నోర్మూసుకుని నిలబడు. అయినా గుడ్డ ఉంది కదే, ఎలా కాలింది?"

"తడిగుడ్డ. తడిగుడ్డతో పట్టుకుంటే ఆవిరి కొట్టదూ? గిన్నె దించిన ప్రతి మనిషికీ తెలిసిందే. నాయనమ్మ నాకు వెయ్యిసార్లు చెప్పింది, పొడిగుడ్డ తీసుకోవే, పొడిగుడ్డ అని. తొందర్లో మరిచిపోయా."

తాతయ్య ఆమె చెయ్యి వదిలేసి, పాలు పారుతున్న నేల మీదే కూలబడ్డాడు. లుంగీ తడిసిపోతోందన్న ధ్యాస కూడా లేదు.

"మీ నాయనమ్మకు తెలుసా?" అన్నాడు.

"ఎవరికి తెలియదు?"

"మాకు తెలియదే" అన్నాడు. "స్టేషన్లో నలభైమందిమి. ఒక్కడికీ తెలియదే."

ఇరవై నిమిషాలూ పంపు అలా పోతూనే ఉంది. ఆ నీళ్ళ చప్పుడులోనే మనవరాలికి బుడ్డోడి సంగతి తెలిసింది.

బుడ్డోడు ఆరడుగుల రెండంగుళాల మనిషి. స్టేషన్లో ఎవరికీ సరైన పేరు పెట్టే అలవాటు లేదు. ఒక గొట్టానికి ఇద్దరు మనుషులు. ముందువాడు నీళ్ళు చిమ్మే మూతి పట్టుకుంటాడు, వెనకవాడు గొట్టం బరువు మోస్తూ ముందువాడి బెల్టు వదలకుండా వెంట పాకుతాడు. చెవన్న ముందు, బుడ్డోడు వెనక. పదకొండేళ్ళు అలాగే. ఒకరి మొహం ఒకరు చూసుకున్నది తక్కువ, ఒకరి దగ్గు ఒకరు గుర్తుపట్టింది ఎక్కువ.

ఆ మధ్యాహ్నం తగలబడింది పరుపులు కుట్టే కార్ఖానా. మూడో అంతస్తు. లోపల ఒక పనివాడు నిద్రపోతున్నాడని కింద జనం అరుస్తున్నారు. ఎండ మండుతోంది, పైన పొగ తారు రంగులో దిగుతోంది. ఇంజన్ పక్కన బకెట్టు నిండా నీళ్ళున్నాయి. లోపలికి వెళ్ళేముందు గ్లౌజులు ఆ బకెట్లో ముంచుకోవడం చెవన్నకు అలవాటు. ఆయనకు నేర్పినవాడూ అదే చేశాడు, వాడికి నేర్పినవాడూ అదే చేశాడు. తడి ఉంటే చల్లగా ఉంటుంది కదా, అంతకన్నా ఆలోచించేదేముంది!

బుడ్డోడికి ఆ రోజే కొత్త గ్లౌజులిచ్చారు. పచ్చటి తోలు. వాసన కూడా పోలేదు.

"నావి వద్దన్నా. తోలు పాడైపోద్ది."

"తోలు పాడైతే ఇంకోటిస్తారు. చెయ్యి పాడైతే ఎవడిస్తాడ్రా? ఇటు తే."

"వద్దన్నా, ఒక్కరోజన్నా కొత్తగా ఉండనీ."

చెవన్న నవ్వి, వాడి చేతులు రెండూ మణికట్ల దగ్గర పట్టుకుని, గ్లౌజులతో సహా బకెట్లో ముంచేశాడు. చిన్నపిల్లాడికి చేతులు కడిగినట్టు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ నవ్వారు. బుడ్డోడూ నవ్వాడు.

పైన గది తలుపును మోకాళ్ళ మీద కూర్చుని తెరిచారు. మంట ఉన్న గది ఒక్క గది కాదు, మూడు గదులని తాతయ్య చెప్పేవాడు. కప్పు దగ్గర కొలిమి, నడుం ఎత్తులో పొయ్యి, నేలను ఆనుకుని ఒక జానెడు మాత్రం మనిషి బతికే చోటు. ఆ జానెడులోనే పాకారు. పైన పొగలో ఎర్రటి నాలుకలు వచ్చి పోతున్నాయి. చెవన్న కప్పు మీదికి నీళ్ళు కొద్దిగా కొట్టి ఆపాడు, మళ్ళీ కొట్టి ఆపాడు. ఒకేసారి ఎక్కువ కొట్టకూడదు. ఆ నీళ్ళన్నీ ఆవిరై కిందికి దిగి, కొట్టినవాడినే ఉడకబెడతాయి. గది విషయంలో అది వాళ్ళకు బాగా తెలుసు. గది గురించి తెలిసిన ముక్క గ్లౌజు గురించి నలభైమందిలో ఒక్కడికీ తట్టలేదు.

నిద్రపోతున్న మనిషి కనపడలేదు. చెవి చురుక్కుమంది, తర్వాత మండింది, తర్వాత మౌనంగా అయిపోయింది.

"వెనక్కి!" అన్నాడు చెవన్న.

వెనక్కి తిరిగేసరికి వాళ్ళు వచ్చిన ఇనుప తలుపు దానంతటదే మూసుకుని గొట్టాన్ని నొక్కేసి ఉంది, కాలిపోతోంది. బుడ్డోడు రెండరచేతులూ దానికి ఆనించి నెట్టి, చెవన్న బయటికి పాకేదాకా అలాగే పట్టుకున్నాడు. ఎంతసేపు? ఆరు అంకెలు లెక్కపెట్టినంతసేపు. చెవన్న చేతుల్లో గొట్టం మూతి ఉంది, అందులోంచి చన్నీళ్ళు పోతూనే ఉన్నాయి కాబట్టి ఆయన చేతులకేమీ కాలేదు. బుడ్డోడి గ్లౌజులు పైకి చెక్కుచెదరలేదు. కింద విప్పి చూస్తే లోపల చేతులు ఉడికిపోయి ఉన్నాయి.

లోపల నిద్రపోతున్నాడన్న పనివాడు ఎదురు రోడ్డు మీద టీ గ్లాసు పట్టుకుని మంట చూస్తున్నాడు.

నాలుగు నెలల ఆసుపత్రి తర్వాత బుడ్డోడి వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. మళ్ళీ విప్పుకోలేదు. చొక్కా గుండీలు కూడా పెట్టుకోలేడు. స్టేషన్లో ఫోన్లెత్తే పనిచ్చారు. మంట ఎక్కడో అతను రాయించి పంపితే, మంటలోకి వేరేవాళ్ళు వెళ్ళేవారు. అప్పటినుంచి పదమూడేళ్ళు ప్రతి ఆదివారం తాతయ్య బుడ్డోడి ఇంటికి వెళ్ళాడు. ముడుచుకున్న వేళ్ళ గోళ్ళు పెరిగితే అరచేతిలో గుచ్చుకుంటాయి. చిన్న కత్తెర జేబులో వేసుకెళ్ళి, ఒక్కొక్క వేలూ పైకెత్తి, ఆ గోళ్ళు తీసేవాడు. వీళ్ళ కబుర్లకు గోళ్ళు పది చాలేవి కావు.

"నాకు ఇరవై వేళ్ళుండాల్సిందన్నా" అనేవాడు బుడ్డోడు.

"ఉంటే ఇరవయ్యీ కాల్చుకునేవాడివి" అనేవాడు చెవన్న.

తాతయ్య ఉద్యోగం చివరి ఏడాది, పాఠం చెప్పడానికి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. వేడెక్కిన ఇనుప పలక మీద రెండు గ్లౌజులు పెట్టింది, ఒకటి పొడిది, ఒకటి తడిది. రెండింటి లోపలా వేడి కొలిచే పుల్లలు. పొడిదాంట్లో అంకె మెల్లగా నడిచింది. తడిదాంట్లో పరుగెత్తింది. "ఎండిన తోలులో గాలి ఉంటుంది, అది వేడికి అడ్డం పడుతుంది. తడిపితే ఆ గాలి స్థానంలో నీళ్ళు చేరి వేడిని లోపలికి మోసుకొస్తాయి. ఆవిరైతే ఇక దానికి అడ్డమే లేదు. ఎవరూ గ్లౌజులు తడపకండి" అంది. కుర్రాళ్ళు రాసుకున్నారు. వెనక వరసలో, తలుపు పక్క కుర్చీలో తాతయ్య తన రెండరచేతులూ చూసుకుంటూ కూర్చున్నాడు.

ఆ ఆదివారం బుడ్డోడి ఇంటికి వెళ్ళలేదు. తర్వాతి ఆదివారం జ్వరమన్నాడు. ఆ తర్వాత వానన్నాడు. బుడ్డోడు వేలి కణుపుతో నంబర్లు నొక్కి ఫోన్ చేస్తే "పనుందిరా" అన్నాడు. రిటైరైన మనిషికి ఏం పని! అలా మొహం చాటేస్తూ చాటేస్తూ మూడేళ్ళు గడిపాడు. నాయనమ్మ పోయినరోజు బుడ్డోడు వచ్చాడు. అందరూ వెళ్ళిపోయాక గుమ్మం బయట నిలబడి, "అన్నా, నా మీద కోపమా?" అని అడిగాడు. "లేదురా" అన్నాడు తాతయ్య. అని, తలుపు వేసేసుకున్నాడు. ఆ తర్వాత ఆ ఫోన్ కూడా మోగలేదు.

"తొమ్మిదేళ్ళ నుంచా?" అంది మనవరాలు పంపు కట్టేస్తూ. "పాపిష్టి తాతా! వెళ్ళి చెప్పెయ్."

"చెప్తే నాకున్న ఆ ఒక్క మనిషీ పోతాడే."

"ఇప్పుడు మాత్రం ఉన్నాడా?"

తాతయ్య తల ఎత్తి చూశాడు. పదో తరగతి తప్పిన పిల్లకు ఇలాంటివెక్కడ దొరుకుతాయో తెలియదు. లుంగీ మార్చుకున్నాడు. చొక్కా వేసుకున్నాడు. సొరుగు తీసి ఏదో జేబులో వేసుకున్నాడు. ఆమె చేతికి పొడిగుడ్డ చుట్టుకుంది. ఇద్దరూ బస్సెక్కారు, అందులోనూ ఆయన దిగే తలుపు పక్క సీటే ఏరుకున్నాడు.

బుడ్డోడి ఇల్లు మూడో అంతస్తు. నలభైఆరు మెట్లు, మూడు మలుపులు. లెక్క మారలేదు. మనవరాలు కింద మెట్టు మీదే కూర్చుండిపోయింది. పైకెళ్ళి, తలుపు తట్టబోయేముందు తాతయ్య అరచేతి వెనకభాగం తలుపుకు ఆనించి చూశాడు. వేడిగా ఉంటే లోపల మంట ఉన్నట్టు. చల్లగానే ఉంది. అయినా తట్టడానికి చాలాసేపు పట్టింది.

బుడ్డోడి భార్య తలుపు తీసింది. "అన్నయ్యా!" అని, ఇంకేమనాలో తెలియక పక్కకు తప్పుకుంది.

బుడ్డోడు కిటికీ దగ్గర కూర్చున్నాడు. జుట్టంతా తెల్లబడింది. పొడవు తగ్గలేదు.

"ఎవరూ, చెవన్నా? ఏమే, మనింట్లో ఎక్కడన్నా అంటుకుందేమో చూడు. ఊరికే రాడు ఆయన."

"లోపలికి రమ్మనవేంరా?"

"మూడేళ్ళు రమ్మన్నాను. నోరు నొప్పెట్టింది."

తాతయ్య తలుపు పక్క కుర్చీ అంచున కూర్చున్నాడు. బుడ్డోడి చేతులు ఒళ్ళో ఉన్నాయి. గోళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఎవరో భయపడుతూ భయపడుతూ తీసినట్టు. బుడ్డోడి భార్య ఆయన చూపు గమనించి, "నాకు చెయ్యి వణుకుతుందన్నయ్యా" అంది మెల్లగా, అనేసి లోపలికి వెళ్ళిపోయింది.

తాతయ్య చెప్పాడు. బస్సులో తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. ఆఫీసరమ్మ, పలక, పుల్లలు, పరుగెత్తిన అంకె. తర్వాత బకెట్టు. పొడివైతే బొబ్బలతో పోయేదిరా, అన్నాడు. అని నేల చూస్తూ కూర్చున్నాడు.

"కొత్త గ్లౌజులు" అన్నాడు బుడ్డోడు.

"ఊఁ."

"నేను వద్దన్నా."

"వద్దన్నావు."

"అయినా ముంచావు."

"ముంచాను."

బుడ్డోడు తన చేతులు పైకెత్తి ఒకసారి అటూ ఒకసారి ఇటూ తిప్పి చూసుకున్నాడు. కొత్తగా చూస్తున్నట్టు. మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నేనేమనుకున్నానో తెలుసా ఇన్నేళ్ళూ? పదమూడేళ్ళు ఈ గోళ్ళు తీసి తీసి నీకు రోత పుట్టిందనుకున్నా. మా ఆవిడకు చూపించాలన్నా సిగ్గే, ఎవరన్నా వస్తే దుప్పటి కింద పెట్టుకుంటున్నా."

"ఒరేయ్..."

"మాట్లాడకు. చేతుల సంగతి నాకిప్పుడే తెలిసింది. దాని మీద కోపం ఇంకా రాలేదు, ఎంతొస్తుందో కూడా తెలియదు. తలుపు అవతలుంది అది. కానీ ఈ తొమ్మిదేళ్ళది మాత్రం ఇక్కడే ఉంది, మండుతోంది. నాకు చెప్పాల్సిన ముక్క ఒకటి దగ్గరపెట్టుకుని, నా మొహం మీద తలుపేశావు. అదీ వదిన పోయినరోజు."

తాతయ్య ఏం చెయ్యాలో తెలియక జేబులో చెయ్యి పెట్టి చిన్న కత్తెర బయటికి తీశాడు. అది చూడగానే బుడ్డోడు చేతులు రెండూ చంకల్లో దాచేసుకున్నాడు.

"ఇవాళ ముట్టుకోకు."

తాతయ్య దాన్ని బల్ల మీద పెట్టబోయాడు.

"అక్కడ పెట్టకు. తీసుకెళ్ళు."

తాతయ్య కత్తెర మళ్ళీ జేబులో వేసుకుని లేచాడు. గుమ్మం దాటగానే చెయ్యి అలవాటుగా తలుపు రెక్క మీదికి వెళ్ళింది.

"ఆదివారం తెచ్చుకో" అన్నాడు లోపల్నుంచి బుడ్డోడు. మొహం కిటికీ వైపే ఉంది. "అప్పటికి ఎన్ని తిట్లుంటే అన్నీ పోగేసి ఉంచుతా. మొత్తం వినాలి. మధ్యలో లేవకూడదు. ఆ తలుపు పక్క కుర్చీ కాదు, ఇదిగో, ఈ గోడ వైపు కూర్చోవాలి."

గోడ వైపు కుర్చీ గదికి చివర్న ఉంది. అక్కడినుంచి తలుపుకు పదకొండు అడుగులు, మధ్యలో బల్ల అడ్డం. తాతయ్య చూపుతోనే కొలిచాడు.

"కూర్చుంటా" అన్నాడు.

తలుపు మూయాలో వదిలెయ్యాలో తేలక, చివరికి ఎలా ఉన్నదాన్ని అలా వదిలి మెట్లు దిగాడు. కింద మనవరాలు గుడ్డ చుట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఏమన్నాడు తాతా? తిట్టాడా?"

"ఇంకా లేదు."

"మరి?"

"ఆదివారం తిడతానన్నాడు" అన్నాడు తాతయ్య. జేబు మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. "ఇంకా నాలుగు రోజులుంది."